నల్లగొండ నుండి పాలమూరు: ఎంత దూరము, ఎంత కాలము?

ఫలానా ఊరు ఎంత దూరమని అడిగినచో మన ముందు తరములవారు చాలవరకు అంకె చెప్పెడివారు కారు. “పొద్దు పొడుపున బయలుదేరినచో పొద్దు గూకునప్పటికి చేరుదువు” అనియో, “రెండు మజిలీల దారి” అనియో చెప్పెడివారు. కోసు, ఆమడ అను కొలతలు లేకపోలేదు. కోసనగా ఇంచుమించు రెండు మైళ్లు. నాలుగు కోసులు ఒక ఆమడ. కాని కోసు పొడవు సీమ సీమకును మారుచుండెను. దారి గుట్టలెక్కి వాగులు దాటునదైనచో బాటసారికి అదే కోసు మరింత పెద్దదిగా తోచుచుండెను. దూరమును కాలముతో కొలుచుట ఆనాటివారి అజ్ఞానము కాదు. ప్రయాణము చేయువానికి కావలసినది కాలమే. నేడు హైదరాబాదు నుండి బెంగుళూరు ఎంత దూరమనినచో విమానమున పోవువారు “గంటంబావు” అందురే గాని “ఐదువందల కిలోమీటర్లు” అనరు. విమానయుగము మనలను మరల పూర్వుల కొలతకే చేర్చినది.

ఈ ప్రసంగమున మేము రెండు పట్టణములను తీసికొని, వాని నడుమ దూరమును, ఆ దూరమును దాటుటకు పట్టిన కాలమును పరిశీలింప దలచితిమి. అవి నల్లగొండ, మహబూబ్‌నగరములు. రెండును దక్షిణ తెలంగాణపు మెట్టభూములు. రెండును కృష్ణకు ఉత్తరపు ఒడ్డు సీమలు. నల్లగొండకు నీలగిరి అను పూర్వనామము కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పేర మహబూబ్‌నగరమైనను, రెండవ పట్టణమును ప్రజలు నేటికిని పాలమూరనియే పిలుచుచున్నారు.

పటముపై ఈ రెండు పట్టణములను కలుపుచు ఒక గీత గీచినచో దాని పొడవు సుమారు 140 కిలోమీటర్లు. పాత లెక్కలో ఇది పదకొండు ఆమడలు. నడిచి పోవువానికి ఐదారు దినముల దారి. గంటకు 800 కిలోమీటర్లు పోవు జెట్ విమానమునకు ఇది పదునొకండు నిమిషముల పని అని లెక్క తేలును. కాని ఈ లెక్కలో ఒక చిక్కున్నది. ఆ వేగము విమానము పైకెగసి ఆకాశమున నిలకడగా పోవుచున్నప్పటిది. నేలను విడిచి పది కిలోమీటర్ల ఎత్తున కెక్కుటకే దానికి ఇంచుమించు ఇరువది నిమిషములు కావలెను, దిగుటకును అంతే. కావున 140 కిలోమీటర్ల దారిలో అది పూర్తి ఎత్తును అందుకొనకముందే దిగుట మొదలిడవలసి వచ్చును. మొత్తము మీద అరగంటకు తక్కువ పట్టదు. విమానాశ్రయమున ముందుగా చేరి వేచియుండు కాలము దీనికి అదనము. దూరము తగ్గినకొలది విమానపు లాభము కూడ తగ్గిపోవునని దీనివలన తెలియుచున్నది.

ఇదంతయు ఊహాగణితమే. నల్లగొండలో గాని మహబూబ్‌నగరములో గాని ప్రయాణికుల విమానాశ్రయము లేదు. అయినను ఈ రెండు సీమల మీదుగా ఎనుబది యేండ్లకు దగ్గరగా విమానములు పోవుచునే యున్నవి. ఆకాశమున మాత్రమే కాదు, నేలమీద గూడ ఈ సీమల చరిత్ర ఇట్టిదే. వందల యేండ్లుగా ఇతర పట్టణములకు పోవువారు ఈ సీమలను దాటి పోయిరి. వారి ప్రయాణములు వడివడిగా కురుచలైనవి. ఇచ్చటివారు ఒకరి యొద్దకు ఒకరు పోవు ప్రయాణము మాత్రము అంత వడిగా తగ్గలేదు. ఇది ఎట్లు జరిగినదో చూతము.

మొదటినుండియు ఇట్లుండలేదు. 11, 12 శతాబ్దములలో ఈ రెండు సీమల భూములు చాలవరకు ఒకే వంశపు పాలనలో నుండెను. వారు కందూరు చోడులు. కందూరు పాలమూరు సీమలోనిది; వారికి రాజధానియైన పానగల్లు నల్లగొండ పట్టణమునకు ఆనుకొనియున్నది. పానగల్లులోని శిల్పసంపన్నములైన ఆలయములును, ఉదయచోడుని పేర నిలిచిన ఉదయసముద్రమను తటాకమును వారి వైభవమునకు నేటికిని సాక్ష్యములు. రాజ్యమునకు ఒక కొస కందూరు, మరియొక కొస పానగల్లు అయినప్పుడు, ఆ రెంటి నడుమ దారి రాజ్యమునకు వెన్నెముక వంటిది. పన్ను ధాన్యమైనను, సైన్యమైనను, శాసనము చెక్కు శిల్పియైనను తూర్పు పడమరలుగా నడువవలసినదే. ప్రకృతి గూడ ఈ దిశనే చూపినది. దుందుభి నది, మనము డిండి యనునది, పాలమూరు సీమలో పుట్టి నల్లగొండ వైపునకు పారి కృష్ణలో కలియుచున్నది.

తరువాతి కాలమున దారుల దిశ మారెను. గోలకొండ కుతుబ్‌షాహీల రాజధాని యైనపిదప దారులన్నియు గోలకొండనుండి బయలుదేరినవి, గోలకొండకే తిరిగి వచ్చినవి. వానిలో రెండు దారులు మన రెండు సీమలకు సంబంధించినవి. రెండును వజ్రముల దారులే.

17వ శతాబ్దమున ఫ్రెంచి రత్నవర్తకుడు జాన్ బాప్టిస్టు టావెర్నియే గోలకొండ రాజ్యమునకు పలుమార్లు వచ్చి, తన ప్రయాణములను గ్రంథస్థము చేసెను. గోలకొండనుండి తూర్పుగా ఏడు దినములు పోయినచో కొల్లూరు గని వచ్చునని ఆయన వ్రాసెను. కృష్ణ దక్షిణపుటొడ్డుననున్న ఈ కొల్లూరునకు గోలకొండనుండి పోవువారు నల్లగొండ సీమను దాటవలసినదే. రావల్కొండ యను మరియొక గని గోలకొండకు ఐదు దినముల దారి యనియు ఆయన చెప్పెను. ఈ రావల్కొండ కర్నూలునకు దక్షిణమున నున్న రామళ్లకోట యని కొందరును, రాయచూరు ప్రాంతములోనిదని కొందరును పరిశోధకులు భావించిరి. ఏది నిజమైనను గోలకొండనుండి అచ్చటికి పోవు దారి పాలమూరు సీమ మీదుగనే. ఒక గని ఏడు దినములు, ఒక గని ఐదు దినములు! వజ్రములు కొనబోవు వర్తకుడు కూడ దూరమును దినములతోడనే లెక్కించెనని గమనింపుడు.

గోలకొండనుండి మచిలీపట్టణమునకు సూటి దారిన నూరు కోసులనియు, గని మీదుగా పోయినచో 112 కోసులనియు టావెర్నియే లెక్క చెప్పెను. తాను ఎక్కువగా రెండవ దారిననే పోయితిననియు వ్రాసెను. పన్నెండు కోసులు అదనముగా నడచుటకు ఆయన వెనుదీయలేదు. ఏలయన ఆ పన్నెండు కోసుల చివర వజ్రములున్నవి. దూరపు బరువు దాని చివరనున్న లాభమును బట్టి మారునని వర్తకునికి ఎవరును చెప్పనక్కరలేదు.

మచిలీపట్టణము ఆనాడు గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారము. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. కలంకారీ వస్త్రములును, ఉక్కును, ఇతర సరకులును నల్లగొండ సీమ దారిని ఎడ్లపైనను బండ్లపైనను నడచెను. రాణి హయాత్‌బక్షీ బేగము ఈ దారిపై వెలయించిన హయాత్‌నగరమున మసీదును సరాయిని నేటికిని చూడవచ్చును. సరాయి, దిగుడుబావి, చింతతోపు, పశువులకు తొట్టి: మజిలీ యనగా ఇవియే. ఎద్దు నడచునది దినమునకు నాలుగైదు కోసులు మాత్రమే గనుక బిడారు ప్రతి రాత్రియు ఎక్కడో ఒకచోట ఆగవలెను. ఆగినచోట గడ్డి కొనవలెను, కుండ కొనవలెను, ఇరుసు విరిగినచో వడ్రంగిని పిలువవలెను. ప్రయాణము నెమ్మదిగా సాగిన కాలమున దారిలోని ప్రతి పల్లెకును దానిలో కొంత పాలుండెను. ఈ విషయమును మనము గుర్తుంచుకొనవలెను.

దూరమును దినములతో గాక, నిశ్చితమైన అంకెలతో కొలిచినవారు పిమ్మట వచ్చిరి. విలియం లాంబ్టన్ అను ఆంగ్ల సైనికోద్యోగి 1802లో మద్రాసు దగ్గర ఒక ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచి, దానిపై త్రిభుజములను అల్లుకొనుచు దేశమంతటిని కొలుచు మహాకార్యమునకు పూనుకొనెను. దీని పద్ధతి కష్టమైనదే గాని సూత్రము సులభము. త్రిభుజమున ఒక భుజము పొడవును, కోణములును తెలిసినచో తక్కిన భుజములను లెక్కవేయవచ్చును. కావున ఒక గుట్టపైనుండి దూరమునున్న మరి రెండు గుట్టలను చూచి కోణము కొలిచినచో చాలును. నడుమ నేలపై గొలుసు పరచనక్కరలేదు. కోణములు కొలుచు థియోడొలైటు యంత్రము అరటన్ను బరువు. దానిని గుట్టలపై కెక్కించుటకు కూలీలు మోయవలసివచ్చెను.

ఈ త్రిభుజముల ప్రధానశ్రేణి 78వ తూర్పు రేఖాంశమును అనుసరించి ఉత్తరముగా సాగెను. గుత్తి ప్రాంతమునుండి తుంగభద్రను, కృష్ణను దాటి 1815 నాటికి బీదరు ప్రాంతమును చేరెను. మహబూబ్‌నగర్ పట్టణము దాదాపు సరిగా ఈ 78వ రేఖాంశముపైననే యున్నది. అనగా భారతదేశమును కొలిచిన మహారేఖ పాలమూరు సీమ గుండ పోయినది. లాంబ్టన్ 1823లో ఈ పనిలోనుండగనే హింగన్‌ఘాట్ వద్ద మరణించెను. ఆయన తరువాత ఈ కార్యమును నిర్వహించిన జార్జి ఎవరెస్టు కూడ మొదట హైదరాబాదుననే ఆయనకు సహాయకుడుగా చేరెను. కృష్ణా గోదావరుల నడుమ అడవులలో పనిచేయుచు విషజ్వరమున పడి, 1820లో ఆరోగ్యమునకై గుడ్‌హోప్ అగ్రమునకు పోవలసివచ్చెను. భూమి గుండ్రదనము ఎంతటిదో తెలియుటకు ఈ కొలతలు తోడ్పడెను. గుండ్రని భూమిపై రెండు స్థలముల నడుమ మిక్కిలి దగ్గరి దారి ఏదో లెక్క కట్టుటకు ఇట్టి జ్ఞానమే ఆధారము. నేటి విమానచాలకుడు నడచు దారికిని, ఆనాడు గుట్టలపై యంత్రమును మోసిన కూలీల శ్రమకును ఇట్లు చుట్టరికమున్నది.

కొలత కచ్చితమైనంత మాత్రమున ప్రయాణము సులభము కాలేదు. అందులకు రైలు రావలసివచ్చెను. 1874లో వాడినుండి సికిందరాబాదు వరకు రైలు నడచెను. ఆ మార్గమే 1889 నాటికి వరంగల్లు మీదుగా బెజవాడ చేరెను. ఇక్కడ ఒక విశేషము జరిగినది. సముద్రతీరమునకు పోవు సరకు పూర్వము నల్లగొండ సీమ దారిని నడచుచుండెను గదా! ఇప్పుడది వరంగల్లు వైపునకు తిరిగెను. రైలు దారి పొడవే. కాని కాలము తక్కువ. కాలము గెలిచినది, దూరము ఓడినది. నల్లగొండ దారిలోని మజిలీలకు ఎడ్ల బిడారులు రాకపోక తగ్గినవి. నల్లగొండ మీదుగా పోవు బీబీనగర్ నడికుడి మార్గము పూర్తియగుటకు 1989 వరకు ఆగవలసివచ్చెను. హైదరాబాదు బెజవాడల నడుమ రైలు నడచిన నూరేండ్లకు గాని ఆ మార్గము పూర్తి కాలేదన్నమాట! పాలమూరు ఈ విషయమున కొంత అదృష్టము గలది. కర్నూలు వైపు పోవు మీటరుగేజి మార్గము 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలోనే దాని మీదుగా వేయబడెను.

1932లో నిజాం రాజ్యమున రైల్వేశాఖ ఆధ్వర్యమున ప్రభుత్వ బస్సులు ఆరంభమైనవి. మొదట ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. బస్సు పాత మజిలీలను మరల కొంతవరకు బ్రతికించినది. అయినను దారుల దిశ మాత్రము మారలేదు. హైదరాబాదునుండి విజయవాడకు ఒక రహదారి, కర్నూలు మీదుగా బెంగుళూరునకు ఒక రహదారి. మొదటిది నల్లగొండ జిల్లాను, రెండవది మహబూబ్‌నగర్ జిల్లాను చీల్చుకొని పోవును. చిత్రమేమనగా ఈ రెండును ఆ జిల్లాల ముఖ్యపట్టణములను తాకవు. నల్లగొండకు పోవువారు నార్కెట్‌పల్లి వద్దను, మహబూబ్‌నగరునకు పోవువారు జడ్చర్ల వద్దను పెద్ద దారిని విడిచి మరలవలెను.

ఇక ఆకాశము. 1930 నాటి దశాబ్దములో బేగంపేటలో విమానాశ్రయము వెలసెను. నిజాం ప్రభుత్వమే ప్రధాన వాటాదారుగా డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థ 1945లో ఏర్పడి, మరుసటి యేడు డకోటా విమానములను నడుపసాగెను. 1953లో దేశములోని ఇతర సంస్థలతో పాటు అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమయ్యెను. బేగంపేటనుండి బెంగుళూరునకు సూటిగా గీత గీచినచో అది జడ్చర్ల, కల్వకుర్తుల నడుమగా పాలమూరు సీమను దాటును. మద్రాసునకు గీచినచో దేవరకొండ పరిసరములను దాటును. 1949 జనవరి 30న మన దేశమున రాత్రి విమానపు టపా ఆరంభమైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి బయలుదేరిన విమానములు నడిరేయి నాగపురమున కలిసికొని, టపా సంచులను మార్చుకొని, తెల్లవారునప్పటికి తిరిగి చేరుచుండెను. మద్రాసునుండి నాగపురమునకు సూటి గీత సూర్యాపేట చేరువగా పోవును.

డకోటా వేగము గంటకు సుమారు 270 కిలోమీటర్లు. బెంగుళూరునకు దాదాపు రెండు గంటలు. అందులో పాలమూరు సీమను దాటుటకు అరగంట. 1957లో వైకౌంటు విమానములును, 1964లో కారవెల్ జెట్ విమానములును వచ్చినవి. నేటి జెట్ విమానము అదే సీమను పది నిమిషములలో దాటుచున్నది. ఏడు దినములు, ఐదు దినములు, అరగంట, పది నిమిషములు! టావెర్నియే నాటినుండి నేటివరకు ఈ సీమలను దాటు కాలము ఇట్లు కరిగిపోయినది. మజిలీలు కూడ దానితో కరిగిపోయినవి. ఎద్దు ప్రతి నాలుగైదు కోసులకు ఆగెను. రైలు స్టేషనులో ఆగెను. విమానము ఆగనే ఆగదు. కృష్ణకు ఆవలి యొడ్డున, నాగార్జునసాగరము దాపున విజయపురి సౌత్ వద్ద ఒక చిన్న విమాన మైదానమున్నది గాని అచ్చటినుండి నిత్యము ప్రయాణికుల విమానములు నడుచుట లేదు.

వేగమును నిందించుట మా ఉద్దేశము కాదు. రోగిని వైద్యశాలకు చేర్చవలసిన వానికి వేగమే ప్రాణము. కాని నెమ్మదిగా నడచినవాడు చూడగలిగినదియు, వేగముగా పోవువాడు చూడలేనిదియు ఉన్నదని ఈ సీమ చరిత్రయే చెప్పుచున్నది. 1951 మార్చిలో ఆచార్య వినోబా భావే వార్ధా సమీపమునగల సేవాగ్రామ ప్రాంతమునుండి బయలుదేరి సుమారు మూడువందల మైళ్లు కాలినడకన హైదరాబాదు చేరువనున్న శివరాంపల్లికి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చిరి. పిదప నల్లగొండ జిల్లాలో పాదయాత్ర చేయుచు ఏప్రిలు 18న పోచంపల్లిలో ఆగిరి. అచ్చటి హరిజనులు తమకు ఎనుబది ఎకరముల భూమి కావలెనని ఆయనతో మొరపెట్టుకొనిరి. వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరములు ఇత్తునని లేచి నిలువబడిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. ఆనాటికి బేగంపేటనుండి డకోటాలు ఎగురుచునే యున్నవి. పోచంపల్లివారి మొర వినబడవలెనన్న ఎవరో ఒకరు ఆ యూరికి నడచి వచ్చి, ఆగి, కూర్చుండి వినవలసివచ్చెను.

పాలమూరు వారి నడక మరియొక రకమైనది. కరవు సీమనుండి కూలీలు గుంపులు గుంపులుగా దేశమున ఆనకట్టలు, కాలువలు, రహదారులు నిర్మించుటకు పోయిరి. నాగార్జునసాగరము రాతికట్టడమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసినపిదప అచ్చట రాళ్లు మోసిన చేతులలో పాలమూరు చేతులు అనేకములు. ఇతరుల దూరమును తగ్గించు దారులను వేసినవారు తమ యింటికి దూరముగా బ్రతికిరి. ఇంటినుండి పని యెంత దూరమని వారిని అడిగినచో వారును కోసులు చెప్పరు. “పండుగకు వత్తుము” అందురు. ఆ కాలమును ఏ విమానమును తగ్గింపలేదు.

నేటి స్థితి యేమి? నల్లగొండనుండి హైదరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్లు; హైదరాబాదునుండి మహబూబ్‌నగరునకు మరి నూరు. రాజధాని మీదుగా పోయినచో 140 కిలోమీటర్ల సూటి దూరము రెండువందలగును. కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా పోయినచో సుమారు 170 మాత్రమే. ఈ రెండవ దారిలో అధికభాగము కోదాడనుండి మిర్యాలగూడ, కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా మహబూబ్‌నగరునకును, అటుపై రాయచూరునకును పోవు 167వ జాతీయ రహదారిగా గుర్తింపు పొందినది. కందూరు చోడుల నాటి తూర్పు పడమర దిశ ఇట్లు మరల రాజమార్గమైనది. గద్వాలనుండి నాగర్‌కర్నూలు, కల్వకుర్తి, దేవరకొండల మీదుగా మాచర్లకు రైలు వేయవలెనను కోరిక మాత్రము దశాబ్దములుగా కోరికగనే యున్నది.

2008 మార్చిలో బేగంపేటకు బదులు శంషాబాదు విమానాశ్రయము పని ప్రారంభించెను. అది పాలమూరు దారిలోనిదే. మహబూబ్‌నగరునకు సుమారు ఎనుబది కిలోమీటర్లు. దేవరకద్ర ప్రాంతమున విమానాశ్రయము నిర్మింపవలెనను ప్రతిపాదన కూడ వచ్చినది. వచ్చినచో మంచిదే. కాని మేము ముందు చెప్పిన లెక్కను మరువరాదు: నూరు నూటయేబది కిలోమీటర్ల దూరమున విమానము బస్సును అంతగా గెలువజాలదు. ఇరుగు పొరుగు పట్టణములను దగ్గర చేయునది మంచి రోడ్డు, వేళకు వచ్చు బస్సు, నడుమ ఊళ్లలో ఆగు రైలు.

కావున ఇకమీదట ఎవరైనను నల్లగొండనుండి పాలమూరు ఎంత దూరమని అడిగినచో 140 కిలోమీటర్లని చెప్పి ఊరుకొనక, ఏ దారిన, ఎవరికి, ఎన్ని గంటలు పట్టునో కూడ చెప్పవలెను. రాజధానికి పోయి మరలవలసిన రైతునకు అది ఒక పూర్తి దినము. కల్వకుర్తి దారిన నేరు బస్సు దొరికినచో ఒక పూట. ఆ పూటకును ఆ దినమునకును నడుమనున్న తేడాయే ఈ రెండు సీమల మధ్య నిజమైన దూరము. దానిని తగ్గించుటకు ఆకాశమున కెగురనక్కరలేదు. దుందుభి నది పారిన దిశనే నేలమీద దారి చక్కబరచినచో చాలును.